భూసేకరణ నోటీసు వస్తే: కొలతల నుంచి చెక్కు దాకా

ఊళ్లో రోడ్డుకో, కాలువకో భూమి పోతుందంటే అందరూ ఎకరానికి ఎంతిస్తారనే అడుగుతారు. రైతు ఎక్కువగా దెబ్బతినేది కాగితాల దగ్గర.

నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూడండి. 2013 భూసేకరణ చట్టమైతే సెక్షన్ 11 నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామనే తొలి ప్రకటన) వచ్చిన 60 రోజుల్లో కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. వరంగల్ వైపు వచ్చే నాగపూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ లాంటి జాతీయ రహదారికి 1956 చట్టం వర్తిస్తుంది, గడువు 21 రోజులే. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి.

తాత పేరు మీదే పట్టా ఉంటే విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) ఇప్పుడే చేయించండి. సాదాబైనామాతో (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందంతో) కొన్న భూమైతే ఆ కాగితం, పహాణీ (సాగు రికార్డు) నకళ్లతో హక్కు కోరుతూ దరఖాస్తు పెట్టండి. లేదంటే పరిహారం పాత పట్టాదారు పేరున పోతుంది, లేదా వివాదమని డిపాజిట్లో పడుతుంది.

కొలతల రోజు పొలంలోనే ఉండండి. పంచనామాలో "చెట్లు 20" అని రాస్తే ఒప్పుకోవద్దు. మామిడి ఎన్ని, టేకు ఎన్ని, వాటి వయసెంత, బోరు లోతెంత, పైపులైను ఎన్ని మీటర్లు అన్నీ విడివిడిగా రాయించండి. ఫొటోలు తీయండి. సంతకం పెట్టాక నకలు అడిగి తీసుకోండి.

లెక్క ఇలా ఉంటుంది: మార్కెట్ విలువ 10 లక్షలు, పల్లె భూమికి గుణకం 1.5 అనుకుంటే (ఇది 1 నుంచి 2 దాకా ఉంటుంది) 15 లక్షలు. చెట్లు, బోరు 2 లక్షలు కలిపితే 17. దానిమీద నూరు శాతం సొలేషియం (భూమి బలవంతంగా పోతున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), మొత్తం 34 లక్షలు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం వేరు. విలువ తక్కువ కట్టారనిపిస్తే, చుట్టుపక్కల ఊళ్లలో గత మూడేళ్లలో ఎక్కువ ధరకు జరిగిన రిజిస్ట్రేషన్ల నకళ్లు సబ్‌రిజిస్ట్రారు దగ్గర తెచ్చి జతచేయండి.

అన్నిటికంటే ముఖ్యం: 2013 చట్టం కింద వచ్చే చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసే సంతకం పెట్టండి. ఆ మాట లేకుండా తీసుకుంటే సెక్షన్ 64 కింద పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు) ఇచ్చినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లో దరఖాస్తు చేయాలి. అత్యవసర సేకరణలో తప్ప, పరిహారం మొత్తం చెల్లించకుండా భూమి స్వాధీనం చేసుకునే వీల్లేదు. పొక్లెయిన్ ముందే వస్తే కలెక్టరుకు ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.