కెర్నెల్ రిగ్రెషన్ పరీక్షలు తప్పుదారి పట్టిస్తుంటే: సమస్య - పరిష్కారం

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్ కొత్త వెర్షన్ 9, 10 వారాలకొకటి వస్తుంది. ఒక్కోదానిలో పది వేలకు పైగా కమిట్లు, అంటే కోడ్ మార్పులు. నిన్నటిదాకా పనిచేసినదాన్ని వాటిలో ఏది చెడగొట్టిందో (ఇలా చెడిపోవడమే రిగ్రెషన్) చేత్తో వెతకడం అయ్యే పని కాదు కాబట్టి, రాత్రంతా వాటంతటవే నడిచే పరీక్షలు పెట్టుకుంటాం. అయితే చాలాసార్లు కెర్నెల్ కంటే ముందు తప్పు చేసేది ఆ పరీక్షలు నడిపే స్క్రిప్టే. క్యూఎము అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్‌లో కెసెల్ఫ్‌టెస్ట్, ఎల్‌టీపీ అనే కెర్నెల్ పరీక్షల సమితులు నడిపేవారికి తరచూ ఎదురయ్యే చిక్కులు ఇవి.

సమస్య: అన్నీ పాస్, బగ్ మాత్రం అక్కడే ఉంది

కారణం: పరీక్ష అసలు జరగలేదు. కావలసిన ఆప్షన్ కాన్ఫిగ్‌లో (కెర్నెల్‌ను ఏయే సదుపాయాలతో కట్టాలో చెప్పే ఫైలులో) లేకపోతే కెసెల్ఫ్‌టెస్ట్ 4 అనే ఎగ్జిట్ కోడ్‌తో (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్యతో) తప్పుకుంటుంది. ఎల్‌టీపీ అయితే అదే అర్థంలో టీకాన్ఫ్ అంటుంది. కెసెల్ఫ్‌టెస్ట్ ఫలితాల ఫైలులో మాత్రం ఆ పరీక్ష వరుస ‘ఓకే 3’ అని మొదలై, చివర ఎక్కడో ‘# స్కిప్’ అని ముగుస్తుంది. ‘ఓకే’ను మాత్రమే వెతికి లెక్కపెట్టే స్క్రిప్ట్ దాన్ని పాస్‌లో వేసేస్తుంది. మరీ అజాగ్రత్తగా రాస్తే ‘నాట్ ఓకే’ కూడా అదే ఖాతాలో పడుతుంది.

పరిష్కారం: కెర్నెల్ కట్టే ముందు ‘మేక్ కెసెల్ఫ్‌టెస్ట్-మెర్జ్’ నడపండి, పరీక్షలకు కావలసిన ఆప్షన్లను అది కాన్ఫిగ్‌లో చేరుస్తుంది. స్కిప్‌లను విడిగా లెక్కించి నిన్నటి సంఖ్యతో పోల్చండి. పెరిగితే ఫెయిల్‌తో సమానంగా చూడండి. బూట్ అయింది కొత్త కెర్నెలేనా అన్నది నడుస్తున్న వెర్షన్ చెప్పే ‘యూనేమ్’ కమాండ్‌తో చూసుకోవడం కూడా మరవకండి.

సమస్య: పరీక్ష పాస్, కానీ కెర్నెల్ లాగ్‌లో హెచ్చరికలు

కారణం: పరీక్షకు తన ఫలితమే తెలుసు, వెనుక కెర్నెల్ ఏమని మొరపెట్టుకుందో దానికి పట్టదు.

పరిష్కారం: ప్రతి పరీక్షకు ముందూ తర్వాతా టెయింట్ విలువ (కెర్నెల్‌లో ఏదైనా తేడా జరిగితే గుర్తుగా మారే సంఖ్య) చదవండి. 512 చేరితే హెచ్చరిక, 128 చేరితే ఊప్స్, అంటే కెర్నెల్ లోపలి తీవ్రమైన దోషం. ఒకసారి పడిన టెయింట్ రీబూట్ చేసేదాకా పోదు కాబట్టి పడిన వెంటనే కొత్త వర్చువల్ మెషీన్‌తో మొదలుపెట్టడం మేలు.

సమస్య: క్యూఎము ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోయింది

సీరియల్ కన్సోల్ (కెర్నెల్ సందేశాలు బయటికి వచ్చే దారి) ఇవ్వకపోతే, కెర్నెల్ ఇక నడవలేక ఆగిపోతూ ఇచ్చే పానిక్ సందేశం మీకు కనిపించదు. కెర్నెల్‌కు ‘పానిక్=-1’, క్యూఎముకు ‘నో-రీబూట్’ ఇస్తే పానిక్ అయిన మరుక్షణం క్యూఎము మూతపడుతుంది. ఆగకుండా నత్తనడక నడుస్తుంటే కేవీఎం (ప్రాసెసర్ సాయంతో వర్చువల్ మెషీన్‌ను వేగంగా నడిపే సదుపాయం) అనుమతులు చూడండి. కేవీఎం లేని ఎమ్యులేషన్‌లో కెసెల్ఫ్‌టెస్ట్ మామూలుగా ఇచ్చే 45 సెకన్ల గడువు చాలా పరీక్షలకు చాలదు.

సమస్య: బైసెక్ట్ సంబంధం లేని కమిట్‌ను పట్టిచ్చింది

డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషం దిద్దిన కమిట్ వల్ల నెట్‌వర్క్ పడిపోయిందని ‘గిట్ బైసెక్ట్’ (కమిట్లను సగం సగం చేస్తూ దోషిని వెతికే కమాండ్) తేలిస్తే, ఆ కమిట్ రాసినవారికి ఉత్తరం రాయకండి. ముందు మీ స్క్రిప్ట్ చూడండి.

మొదటి కారణం మీ స్క్రిప్ట్ బైసెక్ట్‌కు ఇచ్చే ఎగ్జిట్ కోడ్. 0 అంటే మంచిది, 125 అంటే వదిలేయమని, 127 వరకు మిగతావన్నీ చెడ్డవి. మధ్యలో ఏదో కమిట్ కంపైల్ కాకపోతే ‘మేక్’ 2 ఇస్తుంది, బైసెక్ట్ దాన్ని బగ్ అనుకుంటుంది. ‘టైమౌట్’ కమాండ్ గడువు దాటితే 124 ఇస్తుంది, అదీ చెడ్డదే. మీరు వెతుకుతున్నది హ్యాంగ్ అయితే ఇది సరే. కాకపోతే దీన్ని 125గా మార్చండి. కంపైల్ వైఫల్యాన్ని మాత్రం ఎప్పుడూ 125గానే మార్చండి.

రెండోది, నా దృష్టిలో అసలు దోషి, అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే బగ్. పది వేల పైచిలుకు కమిట్లను బైసెక్ట్ 14 మెట్లలో తేల్చేస్తుంది నిజమే. కానీ ఒక్క మెట్టులో చెడ్డదాన్ని మంచిది అన్నామా, తప్పు సగంలోకి వెళ్లిపోతుంది, ఇక వెనక్కి రాదు. అయిదింట ఒకసారి వచ్చే బగ్ 10 సార్లు నడిపినా కనిపించకపోయే అవకాశం దాదాపు 11 శాతం. 20 సార్లు నడిపితే 1 శాతం చిల్లర.

పరిష్కారం: ప్రతి మెట్టులో 20 సార్లు నడపండి, మొదటి ఫెయిల్ దగ్గరే ఆగి 1 ఇవ్వండి. మంచిదని మొదలుపెట్టిన వెర్షన్‌ను అంతకు రెట్టింపు సార్లు పరీక్షించండి. మెట్టుమెట్టుకూ అదే మూల కాన్ఫిగ్ నకలుపై ‘ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ (కొత్త ఆప్షన్లకు డిఫాల్ట్ విలువలు నింపే మేక్ కమాండ్) నడపండి. చివరికి దొరికిన కమిట్‌ను తాజా కెర్నెల్‌లో రివర్ట్ చేసి, అంటే వెనక్కి తీసి చూడండి. బగ్ పోతే కాన్ఫిగ్, పూర్తి లాగ్, బైసెక్ట్ లాగ్ జతచేసి ఆ సబ్‌సిస్టమ్ నిర్వాహకులకు, రిగ్రెషన్ల మెయిలింగ్ లిస్టుకు పంపండి. అందులో, రిగ్రెషన్ల చిట్టా ఉంచే రెగ్జ్‌బాట్ అనే ప్రోగ్రామ్‌కు కమిట్ సంఖ్య తెలిపే వరుస ఒకటి రాస్తే, సవరణ చేరేదాకా అది ఆ రిగ్రెషన్‌ను వెంటాడుతూ ఉంటుంది.