బిల్లులన్నీ గడువు దాటాయి: స్కోరు పడకుండా ఏది ముందు కట్టాలి?

సమస్య: మూడు నాలుగు వాయిదాలకు గడువు దాటింది. చేతిలో ఉన్న డబ్బు అన్నిటికీ చాలదు. ఏదో ఒకటి కట్టారు, అయినా సిబిల్ స్కోరు పడిపోయింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది చేసేది ఒకటే. ఎవరు ఎక్కువసార్లు ఫోన్ చేస్తే వాళ్లకి ముందు కట్టేస్తారు. రికవరీ ఏజెంటుకి మీ స్కోరుతో పని లేదు. ముందు మీ అప్పుల చరిత్ర చూపించే క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఈ రిపోర్టులిచ్చే సంస్థలు నాలుగున్నాయి, నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. అందులో ప్రతి లోనుకీ నెలనెలా డీపీడీ అని ఒక అంకె ఉంటుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో అది చెబుతుంది. రిపోర్టు కొంచెం వెనకబడి ఉంటుంది కాబట్టి ఈరోజుకి ఎన్ని రోజులో మీరే లెక్కేసి ఒక కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల పని, దయచేసి దాటేయకండి.

బెస్కాం కరెంటు బిల్లు, ఇంటద్దె, స్కూలు ఫీజు మామూలుగా ఈ రిపోర్టులోకి రావు. కరెంటు తీసేస్తారు కాబట్టి కట్టాల్సిందే, కానీ స్కోరు లెక్కలో కలపకండి. యాప్‌లో తీసుకున్న పే లేటర్ (ఇప్పుడు కొని తర్వాత కట్టేది) మాత్రం లోనే. 900 రూపాయలైనా కాగితం మీదికి రావాలి.

వరస ఎలాగంటే, అప్పు ఎంతన్నది కాదు, ఎన్ని రోజులన్నది చూడాలి. 90 రోజులు దాటితే లోను ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. 80 రోజులున్నదానికి ఒక్క ఇఎంఐ కట్టినా 50 దగ్గరికి దిగుతుంది. ఎన్‌పీఏ అయ్యాక ఆ దారి లేదు, బకాయి మొత్తం కడితేనే మళ్లీ మామూలు ఖాతా అవుతుందని ఆర్‌బీఐ 2021 నవంబరులో స్పష్టంగా చెప్పింది. అందుకే 140 రోజులదాని కన్నా 80 రోజులది ముందు. ఒకే బ్యాంకులో రెండు లోన్లుంటే ఇంకా జాగ్రత్త. ఒకటి ఎన్‌పీఏ అయితే సరిగ్గా కడుతున్న రెండోదాన్నీ ఎన్‌పీఏ చేస్తారు. హోమ్ లోను ఉన్న బ్యాంకులోనే పర్సనల్ లోను ఆగిపోతే దాన్ని అసలు వదలకండి.

క్రెడిట్ కార్డు గడువు దాటి 3 రోజులు మించకపోతే, ఆ మూడు రోజుల్లోపే కనీసం మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టి తీరాలని చూపించే కనీస మొత్తం) పూర్తిగా కట్టేయండి. అప్పుడు దాన్ని బకాయిగా రిపోర్టు చేయకూడదు. వడ్డీ మాత్రం ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి: "డబ్బు వేశాను, అయినా ఇఎంఐ బౌన్స్ అయింది."

బెంగళూరులో కంపెనీ మారిన మనవాళ్ల దగ్గర ఇది ఎన్నిసార్లు చూశానో. జీతం కొత్త బ్యాంకులో పడుతుంది, ఇఎంఐ మాత్రం పాత శాలరీ అకౌంటు నుంచే పోతుంటుంది. జీతం పడటం ఆగిన కొన్ని నెలలకు ఆ అకౌంటు మామూలు సేవింగ్స్ అయిపోతుంది. మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఛార్జీ వేస్తారు. అకౌంట్లో డబ్బు లేకపోతే ఆ ఛార్జీ కాచుకుని ఉండి, మీరు వేసిన మరుక్షణం కోసుకుంటుంది.

నా బైక్ లోనుకి జరిగింది ఇదే. ఇఎంఐ 6,840. నాలుగో తారీఖు రాత్రి సరిగ్గా అంతే వేశాను. ఛార్జీ, జీఎస్టీ కలిపి 708 పోయాయి. ఆటో డెబిట్ అరకొరగా తీసుకోదు, తీస్తే మొత్తం తీస్తుంది, లేదంటే బౌన్సే. దానికి బ్యాంకు ఒక ఛార్జీ వేసింది, లోనిచ్చిన కంపెనీ ఇంకొకటి వేసింది. మెసేజీలేమో నేను తిరిగిచ్చేసిన ఆఫీసు సిమ్‌కి వెళ్లాయి. నాకు తెలిసేసరికి డీపీడీ 30 దాటింది. నా కాగితం మీద మాత్రం ఆ లోను పక్కన "కట్టేశాను" అనే ఉంది. వరస ఎంత బాగా వేసుకున్నా ఈ ఒక్క తప్పు మొత్తం చెడగొడుతుంది.

పరిష్కారం: పాత అకౌంటు మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి, ప్రతి ఇఎంఐ నిజంగా వెళ్లిందో లేదో చూడండి. బౌన్స్ అయితే మళ్లీ డెబిట్ చేస్తారులే అని కూర్చోకుండా లోను కంపెనీ యాప్‌లోనే కట్టి రసీదు దాచుకోండి. ఇఎంఐకి రెండు రోజుల ముందే రెండు వేలు ఎక్కువ వేయండి. ఆ తర్వాత ఆటో డెబిట్‌ని కొత్త అకౌంటుకి మార్పించండి. కొత్తదాన్నుంచి ఒక ఇఎంఐ పోయేదాకా పాతది మూసేయకండి. మొబైల్ నంబరు కూడా రెండు చోట్లా మార్పించండి.

మీది కాని లోను మీ పాన్ మీద కనిపించవచ్చు, మీరు హామీ సంతకం పెట్టిన లోను ఆగిపోవచ్చు. మొదటిదానికి ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ దగ్గర డిస్ప్యూట్, అంటే తప్పుందని ఫిర్యాదు, వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం వస్తుంది. రెండోదానికి ఆ మనిషితో మాట్లాడటమే.

కట్టాక నెల ఆగి మళ్లీ చూడండి. ఈ ఏడాది సిబిల్ ఉచిత రిపోర్టు వాడేసుంటే ఎక్స్‌పీరియన్‌ది తీయండి. ఇంకా బకాయి చూపిస్తుంటే ఆ రసీదు పెట్టి డిస్ప్యూట్ వేయండి.