టీమ్‌లో టైట్ ఎండ్‌ల సత్తాని సీజన్‌కి ముందే అంచనా వేయడం ఎలా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లు చాలామందికి ఆగస్టు రాగానే ఆఫీస్ ఫ్యాంటసీ లీగ్ టెన్షన్ పట్టుకుంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్లు కూడా క్వార్టర్‌బ్యాక్‌ల గురించి, రిసీవర్ల గురించి బాగానే చదువుతారు. టైట్ ఎండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోయినేడాది ఎన్ని క్యాచ్‌లు పట్టాడో చూసి ఊరుకుంటారు. వికెట్ కీపర్‌ని పరుగులతో మాత్రమే కొలిస్తే ఎంత అన్యాయమో ఇదీ అంతే.

టైట్ ఎండ్ బ్లాకర్ల లైన్ చివర, టాకిల్ (ఆ లైన్‌లో అంచున ఉండే బ్లాకర్) పక్కన నిలబడతాడు. ఒక ఆటలో (ఇక్కడ ఆట అంటే మ్యాచ్ కాదు, బంతి కదిలి ఆగేదాకా జరిగే ఒక్క ప్రయత్నం) తనకంటే బరువైన డిఫెన్సివ్ ఎండ్‌ని, అంటే ఎదుటి టీమ్ లైన్ అంచున ఉండేవాడిని, నెట్టుకుంటూ (దీన్నే బ్లాకింగ్ అంటారు) రన్నర్‌కి దారి చేస్తాడు. తర్వాతి ఆటలో అక్కడి నుంచే పరుగెత్తి పాస్ అందుకుంటాడు. రెండు పనులూ సమానంగా వచ్చినవాళ్లు లీగ్ మొత్తంలో కొద్దిమందే. అందుకే ఒక్కొక్కరినీ విడిగా కాకుండా ముగ్గురు నలుగురిని కలిపి, ఒక బృందంగా అంచనా వేయాలి.

1. ముందు కోచ్ ఆలోచన పట్టుకోండి

ఆటగాళ్ల పేర్ల కంటే ముందు చూడాల్సింది ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని, అంటే బంతి తమ దగ్గర ఉన్నప్పటి వ్యూహం చూసుకునే కోచ్‌ని. మైదానంలో ఎవరెవరు ఉన్నారో చెప్పడానికి అక్కడ రెండంకెల లెక్క వాడతారు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లు), రెండోది టైట్ ఎండ్‌లు. 11 అంటే ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, మిగిలిన ముగ్గురూ రిసీవర్లు. 12 అంటే ఇద్దరు టైట్ ఎండ్‌లు. ఎక్కువగా 11తో ఆడే టీమ్‌కి రెండో టైట్ ఎండ్ ఎవరన్నది పెద్ద విషయం కాదు. 12, 13 ఇష్టపడే కోచ్ దగ్గర మూడోవాడు కూడా ముఖ్యమే.

కోఆర్డినేటర్ కొత్తగా వచ్చి ఉంటే అతను అంతకుముందు పనిచేసిన టీమ్‌లో ఏం చేశాడో వెతకండి. తన పాత ఆటగాడిని వెంట తెచ్చుకున్నాడంటే అది ఇంకా గట్టి సూచన. ఆర్థర్ స్మిత్ టెన్నెసీలో కోచ్‌గా ఉన్నప్పుడు టైట్ ఎండ్ జోను స్మిత్ అతని దగ్గర ఆడాడు. 2023లో ఆర్థర్ అట్లాంటాకి హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆ టీమ్ జోనుని ట్రేడ్‌లో తెచ్చుకుంది. డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) నాలుగో ఆటగాడిగా ఎంపికైన టైట్ ఎండ్ కైల్ పిట్స్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆ సీజన్‌లో పిట్స్‌కి 53 క్యాచ్‌లు, జోనుకి 50. పిట్స్ ఒక్కడినే నమ్ముకున్నవాళ్లకి అది నిరాశ. మార్చిలో జరిగిన ఆ ట్రేడ్‌ని గమనించినవాళ్లకి మాత్రం ముందే అనుమానం వచ్చి ఉంటుంది.

2. ఎవరి పని ఏమిటో రాసుకోండి

టీమ్ ఇచ్చే డెప్త్ చార్ట్‌ని (ఏ స్థానంలో ఎవరు మొదటివాడు, ఎవరు రెండోవాడు అని చెప్పే పట్టిక) పక్కనపెట్టి మీ జాబితా మీరే వేసుకోండి. లైన్‌ని అంటుకుని బ్లాక్ చేసేది ఎవరు? స్లాట్‌లోకి (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య చోటు), పక్కలకి జరిగి పాస్‌లు పట్టేది ఎవరు? వెనక నిలబడి ఫుల్‌బ్యాక్ పని, అంటే రన్నర్ ముందు వెళ్లి దారి చేసే పని, కూడా చేయగలిగేది ఎవరు? ఏదైనా గడి ఖాళీగా మిగిలితే ఆ టీమ్ బలహీనత అక్కడే ఉంది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ 2019 బాల్టిమోర్ రేవన్స్. మార్క్ ఆండ్రూస్ 64 క్యాచ్‌లు, 10 టచ్‌డౌన్‌లతో పేరు తెచ్చుకున్నాడు. హేడెన్ హర్స్ట్ అంతకుముందు ఏడాదే మొదటి రౌండ్‌లో వచ్చినవాడు. మూడో మనిషి నిక్ బాయిల్. అతనివి 31 క్యాచ్‌లే, ఫ్యాంటసీలో ఎవరికీ అక్కర్లేదు. కానీ ఆ టీమ్ ఆ ఏడాది పరుగుతోనే 3,296 గజాలు సాధించి లీగ్ రికార్డు సృష్టించింది. లమార్ జాక్సన్, మార్క్ ఇంగ్రమ్ ఇద్దరూ వెయ్యి గజాలు దాటారు. వాళ్లకి లైన్ అంచున దారి తెరిచినవాళ్లలో బాయిల్ ముందుంటాడు. గణాంకాల పట్టికలో ఆ పనికి గడే లేదు.

3. ప్యాడ్‌లు వేసుకునేదాకా బ్లాకింగ్ గురించి తీర్పు ఇవ్వకండి

జూలై చివర్లో క్యాంప్ మొదలవుతుంది. మొదటి కొన్ని రోజులు ప్యాడ్‌లు ఉండవు, ఒకరినొకరు గట్టిగా ఢీకొనరు. ఆ రోజుల్లో పాస్‌లు పట్టేవాళ్లందరూ హీరోల్లా కనిపిస్తారు. 'అదరగొడుతున్నాడు' అనే వార్తలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. ప్యాడ్‌లు వేసుకున్నాక ఎవరి పేరు వినిపిస్తుందో అది రాసుకోండి. వేరే టీమ్‌తో కలిసి చేసే జాయింట్ ప్రాక్టీస్‌ల వార్తలు అస్సలు వదలొద్దు. ప్రీ సీజన్ మ్యాచ్‌లకి దూరంగా ఉంచే స్టార్లని కూడా చాలామంది కోచ్‌లు అక్కడ దింపుతారు.

4. ప్రీ సీజన్ మ్యాచ్‌లో బంతిని చూడకండి

చాలా టీమ్‌లకి ప్రీ సీజన్ మ్యాచ్‌లు మూడే. అసలు స్టార్టర్లు కొద్దిసేపే కనిపిస్తారు, కొందరు అసలు ఆడరు. అందుకని ఈ మ్యాచ్‌లు మొదటివాడి గురించి చెప్పేది తక్కువ, రెండు, మూడు, నాలుగో స్థానాల గురించి చెప్పేది ఎక్కువ.

రికార్డ్ చేసుకుని చూడటం మంచిది. స్నాప్‌కి ముందు, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే ముందు, ఆపండి. టైట్ ఎండ్ ఎక్కడ నిలబడ్డాడో చూసి, ఆట అయ్యేదాకా అతని మీదనుంచి కళ్లు తిప్పకండి. బ్లాక్ చేస్తుంటే పాదాలు చూడండి. మంచి బ్లాకర్ చిన్న చిన్న అడుగులు వేస్తూ నడుము కిందికి ఉంచుతాడు, చేతులు ఎదుటివాడి ఛాతీ మీద పెడతాడు. చేతులు భుజాల బయటికి జారితే హోల్డింగ్ ఫ్లాగ్ (ఎదుటివాడిని పట్టుకున్నందుకు పెనాల్టీ) పడే ప్రమాదం ఉంది. నిటారుగా లేచి నిలబడినవాడు వెనక్కి పోతాడు. పరుగు ఇటువైపు వస్తున్నప్పుడు అందరూ కష్టపడతారు. అటువైపు వెళ్తున్నప్పుడు కూడా తన ఎదుటి డిఫెండర్ రన్నర్‌ని వెనకనుంచి తరమకుండా అడ్డుకుంటున్నాడా అన్నది అసలు పరీక్ష.

పాస్ ఆటల్లో రెండు విషయాలు చాలు. డిఫెన్సివ్ ఎండ్‌కి ఒక దెబ్బ తగిలించి వెంటనే రూట్‌లోకి (పాస్ కోసం పరుగెత్తాల్సిన దారి) వెళ్లే ఆటలో సమయం వృథా చేస్తున్నాడా? లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాళ్లు) మధ్య ఖాళీ కనబడితే అక్కడ ఆగి క్వార్టర్‌బ్యాక్‌ వైపు తిరుగుతున్నాడా, లేక గీసిన గీత మీదే గుడ్డిగా పరుగెడుతున్నాడా? ఈ రెండోది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

నాలుగో క్వార్టర్‌లో పట్టిన టచ్‌డౌన్‌కి మాత్రం పొంగిపోవద్దు. అప్పుడు ఎదురుగా ఆడేవాళ్లలో సగం మందికి వారం తర్వాత ఉద్యోగం ఉండదు. ఎవరితో కలిసి ఆడాడన్నది అంతకంటే విలువైన సమాచారం. స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి దిగాడంటే కోచ్‌లు అతన్ని నమ్ముతున్నారు. కిక్ఆఫ్, పంట్ టీమ్‌లు (బంతిని తన్నే ఆటల్లో దిగేవాళ్లు) కూడా చూడండి. మూడో టైట్ ఎండ్ స్థానం తరచుగా అక్కడే తేలుతుంది.

5. పాత లెక్కల్ని జాగ్రత్తగా చదవండి

టచ్‌డౌన్‌లు ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండవు. పిట్స్ 2021లో 1,026 గజాలు సాధించి ఒక్క టచ్‌డౌన్ చేశాడు. ట్రే మెక్‌బ్రైడ్ 2024లో 111 క్యాచ్‌లు పట్టినా పాస్ అందుకుని చేసిన టచ్‌డౌన్‌లు రెండే. ఎన్ని స్నాప్‌లు ఆడాడు, వాటిలో ఎన్నిసార్లు రూట్‌కి వెళ్లాడు అన్నవి ఇంకా నమ్మదగ్గ లెక్కలు.

కొత్త కుర్రాళ్ల విషయంలో ఓపిక పట్టండి. 2023లో సామ్ లాపోర్టా 86 క్యాచ్‌లు, 2024లో బ్రాక్ బోవర్స్ 112 క్యాచ్‌లు పట్టాక ప్రతి రూకీ అలాగే ఆడాలని అందరూ ఆశపడుతున్నారు. కానీ ట్రావిస్ కెల్సీ 2013లో గాయంతో ఒక్క క్యాచ్ కూడా పట్టకుండానే మొదటి ఏడాది ముగించాడు. ఐదో రౌండ్‌లో వచ్చిన జార్జ్ కిటిల్‌కి మొదటి ఏడాది 515 గజాలు, రెండో ఏడాది 1,377. అందుకే రెండో ఏడాదిలోకి అడుగుపెడుతున్న టైట్ ఎండ్ మీద నేను ఎక్కువ దృష్టి పెడతాను.

6. ఆగస్టు చివర్లో కోతలు

క్యాంప్‌లో ఉన్న 90 మంది ఆటగాళ్లు 53కి తగ్గాలి. ముగ్గురు టైట్ ఎండ్‌లని ఉంచారా, నలుగురినా? ఫుల్‌బ్యాక్‌ని వదిలేశారా? వదిలేస్తే ఆ పని చేయబోయేది మీ జాబితాలో ఉన్న ఏ టైట్ ఎండో వెంటనే తెలిసిపోతుంది. మర్నాడు వేరే టీమ్ వదిలేసినవాడిని తెచ్చుకుంటే, ఉన్నవాళ్ల బ్లాకింగ్ మీద కోచ్‌కి నమ్మకం లేదని అర్థం చేసుకోవచ్చు. ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ల జాబితా) పెట్టినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడడు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (53 మందిలో చోటు లేకపోయినా టీమ్‌తో సాధన చేసే బృందం) వెళ్లినవాడిని మ్యాచ్‌కి పిలిచే అవకాశం ఉంది కాబట్టి అతని పేరు కొట్టేయకండి.

మొదటి వారం, మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు ఆ రోజు ఆడనివాళ్ల జాబితా వస్తుంది. మూడో టైట్ ఎండ్ పేరు అందులో ఉంటే ఆ మ్యాచ్‌లో 13 ఫార్మేషన్ దాదాపు ఉండదు. మొదటి ఇద్దరి స్నాప్‌లు ఆ మేరకు లెక్కగట్టి లైనప్ పెట్టుకోండి.