రిజల్ట్స్ రోజు స్క్రిప్ట్ నడిపే ముందు

సెమిస్టర్ రిజల్ట్స్ ఇవాళో రేపో అన్నట్టు ఉన్నప్పుడు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలో ఒకడు తయారవుతాడు, "సార్, ఒక్కో రోల్ నంబర్ కొట్టుకుంటా కూర్చోడం ఏంటి, సెలీనియంలో నాలుగు లైన్లు రాస్తే మీరు టీ తాగొచ్చేసరికి సెక్షన్ మొత్తం ఎక్సెల్లో పడి ఉంటది" అని. సెలీనియం అంటే బ్రౌజర్ని మనిషి బదులు కోడ్‌తో నడిపించే టూల్. మా కాలేజీలో మూడేళ్లు ఆ ఒకణ్ణి నేనే. ల్యాబ్‌లో పని చేసేవాణ్ణి, డిపార్ట్‌మెంట్ రిజల్ట్ అనాలిసిస్ మొత్తం నా నెత్తి మీదే ఉండేది. ఇప్పుడు టెస్టింగ్ ఉద్యోగం, రోజంతా చేసేది బ్రౌజర్ని స్క్రిప్ట్‌తో ఆడించడమే. మళ్లీ సీజనొచ్చింది, "అన్నా ఆ పాత కోడ్ ఉందా" అని ఫోన్లు మొదలయ్యాయి. ఇస్తాను గానీ ముందు ఇది చదవండి.

మొదటి ఏడాది నేను రాసిన దాంట్లో ఒక లైను ఉండేది: పేజీలో పాస్ అన్న మాట కనిపిస్తే పాస్ అని రాయి, లేకపోతే ఫెయిల్ అని రాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంది. రిజల్ట్స్ వదిలిన పావుగంటకే నడిపేశాను, 63 మందికి 63 ట్యాబులు ఒకేసారి తెరిచి. రాష్ట్రంలో పిల్లలందరూ అదే సైట్ మీద పడి ఉన్నారు, పైన నేనొకణ్ణి, సర్వర్ చేతులెత్తేసి "సర్వర్ బిజీ, కాసేపాగి ప్రయత్నించండి" అన్న పేజీ ఇవ్వడం మొదలెట్టింది. ఆ పేజీలో పాస్ అన్న మాట ఎందుకుంటది? 11 మంది ఫెయిల్. నేను షీటు తెరిచి కూడా చూడకుండా మా డిపార్ట్‌మెంట్ హెడ్, హెచ్‌వోడీ గారికి పంపేశాను, ఆయన క్లాస్ గ్రూపులో పెట్టేశారు. ఇరవై నిమిషాల్లో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు, "సార్, మా పాప తలుపేసుకుని కూర్చుంది, అన్నిట్లో పోయిందంటున్నారు, నిజమేనా" అని. చేత్తో కొట్టి చూస్తే ఒక్కటి కూడా పోలేదు, మంచి గ్రేడ్లే వచ్చాయి. ఆయనకి చెప్పేటప్పుడు నా గొంతు సరిగ్గా రాలేదు.

అందుకే అన్నిటికంటే ముందు ఇది. మీ స్క్రిప్ట్‌కి "నాకు తెలీదు" అనడం నేర్పండి. పాస్, ఫెయిల్ కాకుండా మూడో గడి ఒకటి, "పేజీ రాలేదు" అని. పాస్ అనాలన్నా ఫెయిల్ అనాలన్నా దానికి తగ్గ ఆధారం పేజీలో కనపడాలి, ఏదీ కనపడకపోతే ఆ నంబర్ మూడో గడిలోకి పోవాలి. ప్రతి పేజీతో పాటు సర్వర్ ఒక స్టేటస్ కోడ్ పంపుతది, అది 200 వచ్చింది కదా అని నమ్మకండి, చాలా సైట్లు "సర్వర్ బిజీ" పేజీని కూడా 200తోనే పంపుతాయి, అంటే లెక్క ప్రకారం అంతా బానే ఉన్నట్టు. 429 వస్తే అది మర్యాదగా చెప్పడం, నువ్వు మరీ ఎక్కువగా అడుగుతున్నావు ఆగు అని. దాంతో పాటు రీట్రై-ఆఫ్టర్ అని ఎన్ని సెకన్లు ఆగాలో కూడా పంపితే అన్ని సెకన్లూ ఆగండి, పంపకపోతే మీరే ఒక నిమిషం ఆగి, మళ్లీ వస్తే రెండు, తర్వాత నాలుగు, అట్లా పెంచుకుంటా పోండి. 429 వచ్చాక వెంటనే మళ్లీ కొట్టేవాళ్లని చూశాను, ఐపీ, అంటే నెట్‌లో వాళ్ల చిరునామా, బ్లాక్ అయ్యేది వాళ్లకే, కాలేజీ నెట్ అయితే మొత్తం కాలేజీకి. పిల్లలు క్లాసులో కూర్చుని వైఫైలో చూసుకుందామంటే మీ పుణ్యమా అని పేజీ తెరుచుకోదు.

ట్యాబుల సంగతి. 63 ట్యాబులు తెరిస్తే పని 63 రెట్లు తొందరగా అవుద్ది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. క్రోమ్‌లో వెనక ఉన్న ట్యాబుల్లో పేజీ పని నడిపించే టైమర్లు నెమ్మదిస్తాయి, మామూలుగా సెకనుకి ఒకసారి, అయిదు నిమిషాలకి మించి వెనకే ఉండిపోతే 88వ వెర్షన్ నుంచి నిమిషానికి ఒకసారే కదిలేలా పెట్టారు. అంటే మీ ముందున్నది ఒక్కటి చురుగ్గా ఉంటే మిగతావి నిద్రపోతుంటాయి. 8 జీబీ ల్యాబ్ మెషీన్లో అరవై ట్యాబులంటే ఫ్యాన్ మోత మోగడం తప్ప ఒరిగేదేం లేదు. ఇంకోటి, విండో హ్యాండిల్స్, అంటే స్క్రిప్ట్ ఒక్కో ట్యాబుని గుర్తుపట్టే పేర్లు, ఆ లిస్టులో మొదటిది మొదట తెరిచిందే అయి ఉంటదని గ్యారంటీ లేదు, కాబట్టి మూడో హ్యాండిల్ అంటే మూడో స్టూడెంట్ అనుకుని రాస్తే ఒకరి మార్కులు ఇంకొకరికి పోతాయి. ఒకే ట్యాబ్ చాలు. ఒకటి చూడు, రాసుకో, ఆరు సెకన్లు ఆగు, తర్వాతది. 63 మందికి ఆరేసి సెకన్లంటే ఆరున్నర నిమిషాల లోపే, 600 మందికి గంట. ఆ గంటలో పోయే కొంప ఏం లేదు.

అయితే ఒకే ట్యాబ్ వాడినా ఒక గుంట ఉంది, ఇందులో చాలామంది పడతారు. బటన్ నొక్కాక కొత్త స్టూడెంట్ రిజల్ట్ వచ్చేలోపు పాత స్టూడెంట్ టేబుల్ ఇంకా తెర మీదే ఉంటది. స్క్రిప్ట్ మనిషి కాదు కదా, టేబుల్ కనపడింది అని గబుక్కున చదివేసి పాతవాడి మార్కులు కొత్తవాడి పేరు మీద రాస్తది. షీటు చూస్తే అంతా నిండుగా ఉంటది, అనుమానం కూడా రాదు. దీనికి మందు ఒక్కటే, టేబుల్ వచ్చిందా అని కాదు, పేజీలో అచ్చైన హాల్ టికెట్ నంబరూ నేను అడిగిన నంబరూ ఒకటేనా అని చూసి అప్పుడే చదవాలి, ఒకటి కాకపోతే మూడో గడి. కోడ్‌ని కాసేపు ఆపే టైమ్ డాట్ స్లీప్ మూడు సెకన్లు పెట్టాను సరిపోద్ది అంటారు, మామూలు రోజు సరిపోద్ది, రిజల్ట్స్ రోజు మూడు కాదు ముప్పై సెకన్లు పట్టొచ్చు. ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ వాడండి, అంటే మీరు చెప్పిన షరతు నిజమయ్యేదాకా ఆగడం, కానీ ఇంప్లిసిట్ వెయిట్‌ని, అంటే పేజీలో వెతికే ప్రతిదానికీ ఒకే గడువు పెట్టడాన్ని, దాంతో కలపొద్దు, సెలీనియం వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది, ఒకటి 10 ఇంకొకటి 15 సెకన్లు పెడితే టైమౌట్ 20కి కూడా పోవచ్చని.

ఇక రోల్ నంబర్లు. ఒకటి నుంచి 120 దాకా రేంజ్ పెట్టి లూప్ తిప్పేస్తాను అనేవాళ్లకి దండం. జేఎన్‌టీయూ పద్ధతి రోల్ నంబర్లలో 99 తర్వాత 100 రాదు, ఏ0, ఏ1 అని మొదలవుద్ది, తర్వాత బీ0, అట్లా. లేటరల్ ఎంట్రీలో డిప్లొమా చేసి సెకండియర్‌లో చేరిన పిల్లల నంబర్లలో 1ఏ ఉండాల్సిన చోట 5ఏ ఉంటది, ముందున్న సంవత్సరం కూడా ఒకటి ఎక్కువ. రేంజ్ పెట్టి రాసినోడి షీట్లో ఆ పిల్లలు అసలు పుట్టనే లేదు. మధ్యలో కాలేజీ మానేసినవాళ్లు, డిటైన్ అయ్యి కింద బ్యాచ్‌తో కలిసినవాళ్లు ఉండనే ఉంటారు. నంబర్లు తయారు చెయ్యొద్దు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి లిస్టు తెచ్చుకోండి.

తెచ్చుకున్న లిస్టుని ఎక్సెల్లో తెరిచేటప్పుడు ఇంకో తమాషా. ల్యాబుల్లో మనం రోల్ నంబర్ మొత్తం రాయం కదా, చివరి మూడు నాలుగు అక్షరాలే, 5ఇ7 అని. ఎక్సెల్ దాన్ని రోల్ నంబర్ అనుకోదు, సైంటిఫిక్ లెక్క అనుకుంటది, అయిదు పక్కన ఏడు సున్నాలు అని, ఆ పిల్లాడు అయిదు కోట్లు అయిపోతాడు. ఇ0 నుంచి ఇ9 దాకా పది మందికీ ఇదే గతి. కాలమ్ ముందే టెక్స్ట్ చేసి పెట్టుకోండి, కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్ సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరవకుండా ఇంపోర్ట్ చేసుకోండి. పేర్లు తెలుగులో ఉంటే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి, యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి, లేకపోతే ఎక్సెల్లో పిచ్చి గీతలు కనపడతాయి.

ముందు రోజే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. క్రోమ్ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయిపోతది, స్క్రిప్ట్ మాటని దానికి చేరవేసే డ్రైవర్ ప్రోగ్రామ్ పాతదే ఉంటది, పొద్దున్నే "సెషన్ నాట్ క్రియేటెడ్" అని మొహం మీద పడతది. సెలీనియం 4.6 నుంచి డ్రైవర్‌ని అదే తెచ్చుకుంటది, నిజమే, కానీ తెచ్చుకోడానికి నెట్ కావాలి, కాలేజీ ఫైర్‌వాల్ ఆ డౌన్‌లోడ్ ఆపేస్తే అంతే సంగతులు. అందుకని ముందు రోజు పాత సెమిస్టర్ రిజల్ట్ పేజీ మీద ఒక్క రోల్ నంబర్‌తో నడిపి చూసుకోండి. తర్వాత మూడింటితో. అందులో ఒకటి కావాలని తప్పు నంబర్ ఇవ్వండి, స్క్రిప్ట్ ఏమంటదో చూడండి. పాస్ అందో, మీ కోడ్ సంగతి తేలిపోయినట్టే. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చుకోండి, దీనికి వేరే చెప్పేదేం లేదు.

మీ సొంత క్రోమ్ ప్రొఫైల్‌తో మాత్రం నడపొద్దు. అందులో మీ జీమెయిల్, మీ బ్యాంకు, అన్నీ లాగిన్ అయ్యి ఉంటాయి, స్క్రిప్ట్ ఏదో బటన్ తప్పు నొక్కితే ఆ తప్పు మీ పేరు మీద జరుగుద్ది. కొందరు బయటి ప్రోగ్రాములు క్రోమ్‌ని నడిపే దారి, 9222 పోర్టు తెరిచి నడుస్తున్న బ్రౌజర్‌కే స్క్రిప్ట్‌ని తగిలించమంటారు, ఆ పోర్టు దొరికినవాడికి మీ లాగిన్లు దాచి ఉంచే కుకీలన్నీ దొరికినట్టే, అందుకే 2025లో వచ్చిన క్రోమ్ 136 నుంచి డిఫాల్ట్ ప్రొఫైల్‌తో అది పని చెయ్యకుండా చేశారు. ఖాళీ ఫోల్డర్ ఒకటి ఇచ్చి కొత్త ప్రొఫైల్‌తో మొదలెట్టండి, పని అయ్యాక ఫోల్డర్ తీసేయండి.

అసలు నడపొచ్చా లేదా అన్నది కూడా అడగాలి. సెలీనియం పుట్టిందే సొంత సైట్ పరీక్షించుకోడానికి, 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ అన్న కంపెనీలో జేసన్ హగ్గిన్స్ తమ ఆఫీసులో వాడే అప్లికేషన్ టెస్ట్ చెయ్యడానికి మొదలెట్టాడు. మనం దాన్ని పక్కింటి తలుపు మీద వాడుతున్నాం. కాబట్టి ముందు ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్లని అడగండి, చాలాసార్లు యూనివర్సిటీయే కాలేజీ లాగిన్‌లో మొత్తం రిజల్ట్ ఫైలు ఇస్తది, నేను రెండేళ్లు స్క్రిప్ట్ నడిపాక గానీ మా దగ్గర ఆ ఫైలు వస్తదని నాకు తెలీలేదు, ఎవరూ చెప్పలా, నేనూ అడగలా. స్క్రిప్టులు ఎక్కడికి రావొచ్చో రాకూడదో సైట్ చెప్పే రోబోట్స్ ఫైల్లో వద్దు అంటే వద్దు. క్యాప్చా ఉందంటే స్క్రిప్టులు రావద్దని అర్థం, దాన్ని దాటే సర్వీసులు కొనేవాళ్లతో నేను మాట్లాడను. అనుమతి లేకుండా డేటా లాగినా, సర్వర్‌ని కూలదోసినా 2000 ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి, మోసంతో చేశారని తేలితే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. "ఇదే కోడ్‌తో తత్కాల్ టికెట్లు కొట్టొచ్చా అన్నా" అని కూడా ఒకడు అడిగాడు. లేదు తమ్ముడూ, అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే రైల్వే చట్టం 143వ సెక్షన్ వేరే ఉంది.

టైమ్ మాటకొస్తే, రిజల్ట్స్ వదిలిన మొదటి కొన్ని గంటలు పిల్లలవి. హెచ్‌వోడీ గారు ఎంత తొందరపెట్టినా రాత్రి పదకొండు తర్వాత నడపండి, సర్వర్ ఖాళీగా ఉంటది, మూడో గడిలోకి పోయేవాళ్లూ తగ్గుతారు.

నడిచేటప్పుడు వచ్చిన ప్రతి పేజీని రోల్ నంబర్ పేరుతో ముందు ఫైల్‌గా సేవ్ చేసి, మార్కులు ఆ ఫైల్ నుంచి తీసుకోండి. లెక్క తప్పిందనుకోండి, మళ్లీ సైట్‌కి పోనక్కర్లేదు, 40వ నంబర్ దగ్గర కరెంటు పోయినా 41 నుంచి మొదలెట్టుకోవచ్చు. చివర్లో డ్రైవర్ డాట్ క్లోజ్ కాదు, క్విట్ అనాలి, క్లోజ్ ఆ ఒక్క ట్యాబునే మూస్తది. అది కూడా ఏం జరిగినా చివర్లో నడిచే ఫైనలీ బ్లాకులో పెట్టండి, మధ్యలో ఎర్రర్ వచ్చినా మూసుకునేట్టు. లేకపోతే వారం తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి ఇన్ని క్రోమ్‌లు ఎక్కడివి అని ఆశ్చర్యపోతారు.

షీటు పంపే ముందు మూడో గడిలో ఉన్నవాళ్లని చేత్తో చూడండి, ఫెయిల్ అని వచ్చిన ప్రతి ఒక్కళ్లని కూడా. పాసైన వాళ్లలో అయిదుగురిని చూస్తే చాలు. మొత్తం రిజిస్టర్‌తో టాలీ అవ్వాలి. గ్రూపులో పెట్టాలంటే పేర్లు లేకుండా ఎంతమంది పాస్, ఏ సబ్జెక్టులో ఎంతమంది పోయారు, అంతవరకే పెట్టమని హెచ్‌వోడీ గారికి చెప్పండి, వినరు, అయినా చెప్పండి. రోల్ నంబర్లూ పుట్టిన తేదీలూ ఉన్న ఫైల్‌ని కోడ్‌తో పాటు, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టెయ్యకండి, 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది. అనాలిసిస్ అయ్యాక ఆ పేజీలన్నీ డిలీట్ చేసెయ్యండి.

రీవాల్యుయేషన్ రిజల్ట్స్‌కి మళ్లీ ఇదే స్క్రిప్ట్ బయటికి తీస్తారని నాకు తెలుసు. అప్పటికి పేజీలో ఒక కాలమ్ ఎక్కువో తక్కువో అయ్యి, క్రెడిట్స్ ఉన్న చోట గ్రేడ్ వచ్చి కూర్చుని ఉండొచ్చు. మొదటి నంబర్ ఒక్కటి మీరే కొట్టి, పేజీనీ షీటునీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక మిగతావి వదలండి.