కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ని తూచాలంటే: సీజన్‌కో లెక్క, మార్చికో లెక్క

అమెరికా కాలేజీ కోచ్‌ల గురించి వాదన వస్తే అందరూ కప్పుల లెక్కే తీస్తారు. అది చాలదు. రెగ్యులర్ సీజన్‌లో 30 దాకా మ్యాచ్‌లుంటాయి. మార్చిలో మొదలయ్యే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టోర్నమెంట్‌లో ఒక్కటి ఓడితే ఇంటిదారే; కప్పు కావాలంటే వరసగా ఆరు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లో 85 శాతం గెలిచే అవకాశమున్న జట్టుకైనా ఆ ఆరూ గెలిచే అవకాశం 38 శాతమే. అందుకే రెండు పద్దులూ విడిగా రాయండి.

సీజన్ పద్దులో మొత్తం గెలుపులు వేయకండి. నవంబర్, డిసెంబర్‌లలో చిన్న కాలేజీలను సొంత కోర్టుకు పిలిచి గెలిచినవి ఆ అంకెను ఉబ్బిస్తాయి. కాన్ఫరెన్స్ (కాలేజీ ఉన్న లీగ్) మ్యాచ్‌లు, బయటి కోర్టుల్లో గెలిచినవి చూడండి. కనీసం ఐదేళ్లవి తీయండి. ఆటగాళ్లు మారిపోయినా నిలిచేదే కోచ్ పనితనం.

టోర్నమెంట్ పద్దుకు సీడే కొలబద్ద. సీడ్ అంటే టోర్నమెంట్‌కు ముందు బలాన్ని బట్టి జట్టుకిచ్చే ర్యాంకు; ఒకటి అన్నిటికన్నా మెరుగు. ఒకటో సీడ్ సగటున సుమారు 3.3 మ్యాచ్‌లు గెలుస్తుంది, రెండోది 2.3, మూడోది 1.8, నాలుగోది 1.5. గెలిచినవాటిలోంచి ఈ అంకె తీసేయండి.

వర్జీనియా యూనివర్సిటీ మాజీ కోచ్ టోనీ బెనెట్‌నే చూడండి. 2018లో ఒకటో సీడ్‌గా వచ్చి 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74–54తో తొలి మ్యాచ్‌లోనే ఓడాడు: 0 – 3.3 = –3.3. 2019లో మళ్లీ ఒకటో సీడ్, ఈసారి కప్పు: 6 – 3.3 = +2.7. రెండూ కలిపితే –0.6. కప్పు కొట్టినా లెక్క మైనస్సే!

ఇక్కడితో ఆగితే మాత్రం అన్యాయం చేసినట్టే. 2019 సెమీఫైనల్‌లో ఆబర్న్‌పై 0.6 సెకన్లు మిగిలుండగా వర్జీనియా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆబర్న్ ఫౌల్ చేసింది, వర్జీనియా ఆటగాడు కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ (ఒక్కోటికి ఒక పాయింటు) వేశాడు, 63–62. వాటిలో రెండు తప్పి ఉంటే ఆ +2.7 కాస్తా +0.7 అయ్యేది, కోచ్ మాత్రం అదే కోచ్. 2018 ఓటమి అలాంటిది కాదు. సగం ఆటకు 21–21, ఆ తర్వాత 53 పాయింట్లు ఇచ్చేశారు. దాన్ని దురదృష్టం ఖాతాలో వేయలేం. అయితే వర్జీనియా ఆటగాడు డీఆండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆడలేదన్నది పక్కన రాసుకోవాలి. కాబట్టి ప్రతి ఓటమి పక్కనా పాయింట్ల తేడా, గాయాలు నమోదు చేయండి.

ఎక్కువమంది తప్పేది ఒకచోట: టోర్నమెంట్‌కు అర్హత దక్కని ఏళ్లను వదిలేస్తారు. అవి సీజన్ పద్దులో కనబడి తీరాలి. 2020లో టోర్నమెంటే రద్దయింది కనుక ఆ ఏడాది ఎవరికీ సున్నా వేయకండి.