బ్యాక్ ప్రొటెక్టర్ కొనే ముందు చూసుకోవలసినవి

బ్యాక్ ప్రొటెక్టర్ అంటే బైక్ నడిపేవాళ్ల వెన్నును దెబ్బ నుంచి కాపాడే ప్యాడ్. ముందు మీ రైడింగ్ జాకెట్ వీపు జేబులో చెయ్యి పెట్టి చూడండి. చాలా జాకెట్లలో అక్కడ ఉండేది మెత్తటి స్పాంజి ముక్క. అది ప్రొటెక్టర్ కాదు, జేబు నింపడానికి పెట్టింది.

• లేబుల్ మీద ఈఎన్ 1621-2 అని ఉండాలి. ఇది వీపు ప్రొటెక్టర్లకు యూరప్ ప్రమాణం. 1621-1 ఉంటే అది మోచేతులు, మోకాళ్లు, భుజాల లాంటి వాటి ప్యాడ్లకు. షాపులో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

• లెవల్ చూడండి. పరీక్షలో 50 జౌళ్ల దెబ్బ కొడతారు. అవతలికి చేరే బలం సగటున లెవల్ 1లో 18 కిలోన్యూటన్లు, లెవల్ 2లో 9 దాటకూడదు. అంటే సగానికి సగం తేడా! కాస్త మందంగా ఉన్నా లెవల్ 2 తీసుకోమంటాను.

• సైజు మీ ఎత్తును బట్టి కాదు, నడుము నుంచి భుజం దాకా కొలతను బట్టి. ఇంట్లో ఎవరినైనా టేపు పట్టమనండి.

• లేబుల్‌పై 'టీ ప్లస్' గుర్తుంటే 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షించినట్టు. మే నెలలో విజయవాడ రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇది ముఖ్యం.

• బండి మీద కూర్చుని వంగి చూడండి. హెల్మెట్ వెనక భాగానికి తగలకూడదు, పైకి జరగకూడదు.

• సెకండ్ హ్యాండ్‌ది వద్దు.

ఏ ప్రొటెక్టరైనా నేరుగా తగిలే దెబ్బకే. వెన్ను మెలితిరిగితే ఆపలేదు.