స్పెక్ట్రమ్ కంపైలర్‌ని ప్యాకేజీగా కట్టి పదిమందికీ అందించడం ఎట్లా

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ 1982లో వచ్చింది. 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసరు, పెద్ద మోడల్‌లో 48 కిలోబైట్ల ర్యామ్. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986 నుంచి లైసెన్సు మీద డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. అట్లా మా చిన్నాన్న కొన్న మిషను నెల్లూరులో మా ఇంట్లో ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కావలి, ఉదయగిరి, పొదిలి వైపు నుంచి పిల్లలు ఆదివారాలు వచ్చి దానికోసం ప్రోగ్రాములు రాస్తుంటారు. రాయడం వాళ్ళకి ఇట్టే వస్తుంది. ఆ ప్రోగ్రాముల్ని స్పెక్ట్రమ్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చే కంపైలర్‌ని ఒక్కొక్కరి ల్యాప్‌టాప్‌లో ఎక్కించడమే పెద్ద టెన్షన్. స్పెక్ట్రమ్ ఎప్పటికీ అదే, ల్యాప్‌టాప్‌లు మాత్రం రెండేళ్ళకోసారి మారిపోతుంటాయి. అందుకే జెడ్80 మిషన్లకి ప్రోగ్రాములు తయారుచేసే జెడ్88డీకే అనే కంపైలర్ కిట్‌ని డెబియన్ ప్యాకేజీగా (డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ఎక్కే డెబ్ ఫైలుగా) కట్టి, అందరూ దించుకునేట్టు సొంత రిపాజిటరీలో పెట్టాను. ఆ పద్ధతి రాస్తున్నాను, మీ ఊళ్ళో మీరూ చేసుకోవచ్చు.

గిట్ నుంచి సోర్సు దించేటప్పుడు సబ్‌మాడ్యూళ్ళతో సహా దించండి. ఇందులో రెండు సీ కంపైలర్లుంటాయి. ఒకటి జెడ్88డీకే వాళ్ళదే, ఎస్‌సీసీజెడ్80. రెండోది ఎస్‌డీసీసీ అనే వేరే కంపైలర్‌కి మార్పులు చేసిన జెడ్‌ఎస్‌డీసీసీ. దీన్ని బిల్డు చేయడానికి (సోర్సు నుంచి కట్టడానికి) బూస్ట్ లైబ్రరీ, బైసన్, ఫ్లెక్స్ టూల్స్ కావాలి. ఎస్‌డీసీసీ కంపైలర్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది కాబట్టి బైనరీ పంచిన వాళ్ళు సోర్సూ ఇవ్వాలి. ఎవరైనా అడిగినప్పుడు చూద్దాంలే అనుకోకుండా, సోర్సు ప్యాకేజీని కూడా అదే రిపాజిటరీలో పెట్టేయండి.

బిల్డు ఎక్కడ చేస్తున్నారన్నది బాగా ముఖ్యం. ప్రోగ్రాములన్నీ ఆధారపడే జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ ఉబుంటు 22.04లో 2.35, 24.04లో 2.39. పాతదాంట్లో కట్టింది కొత్తదాంట్లో నడుస్తుంది. కొత్తదాంట్లో కట్టింది పాతదాంట్లో మొరాయించవచ్చు. మీ పిల్లల్లో అందరికంటే పాత సిస్టమ్ ఎవరిదో కనుక్కుని, ఎస్‌బిల్డ్ అనే టూల్‌తో ఆ వెర్షన్ క్రూట్ (మీ సిస్టమ్‌లోనే విడిగా ఉండే ఖాళీ సిస్టమ్) చేసుకుని అందులోనే కట్టండి. ఆ ఖాళీ క్రూట్‌లో బిల్డు ఆగిందంటే, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో ఏ డిపెండెన్సీ (ముందే ఉండాల్సిన ప్యాకేజీ) రాయడం మరిచారో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ప్యాకేజీని రెండుగా విడదీయండి. ల్యాప్‌టాప్ మీద నడిచే కంపైలర్, అసెంబ్లర్, లింకర్ ఒకదాంట్లో. దాని ఆర్కిటెక్చర్ (ఏ రకం ప్రాసెసరుకి అన్నది) ఏఎమ్‌డీ64. జెడ్80 లైబ్రరీలు, హెడర్లు రెండోదాంట్లో. వీటికి ల్యాప్‌టాప్‌తో పనిలేదు కాబట్టి ఆర్కిటెక్చర్ 'ఆల్' అని పెట్టొచ్చు. అయితే మొదటిది రెండోదాని మీద ఆధారపడేటప్పుడు సరిగ్గా అదే వెర్షన్ కావాలని రాయండి, ఇందులో రాజీపడొద్దు. కంపైలర్ కొత్తదీ లైబ్రరీ పాతదీ అయితే లింకర్ దగ్గర ఎర్రర్లు వస్తాయి. పాపం పిల్లలు తప్పు తమ ప్రోగ్రాములోనే ఉందనుకుని గంటలకొద్దీ వెతుక్కుంటారు.

జెడ్88డీకే తన సెట్టింగుల ఫోల్డర్ ఎక్కడుందో జెడ్‌సీసీసీఎఫ్‌జీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి తెలుసుకుంటుంది. దాన్ని పెట్టుకోమని పిల్లలకి చెప్పకండి. ఆ వేరియబుల్ పెట్టి అసలు కంపైలర్‌ని పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు మీరే ప్యాకేజీలో ఇవ్వండి. అమీగా, అటారీ ఎస్‌టీ అనే పాత కంప్యూటర్ల టూల్స్ కట్టేవాళ్ళకి ఇంకో మాట. వాటి లైబ్రరీలు 68000 అనే ప్రాసెసరు కోడ్‌తో ఉంటాయి. బిల్డు చివర్లో ఫైళ్ళలోంచి డీబగ్ సమాచారం తీసేసే డీహెచ్‌స్ట్రిప్ వాటిమీద కూడా చేయి వేస్తుంది, ఆ ఫోల్డర్‌ని మినహాయించండి.

వదిలే ముందు ఏమీలేని కొత్త క్రూట్‌లో ప్యాకేజీ ఎక్కించి చిన్న ప్రోగ్రాము కంపైల్ చేయండి. నాది ఒకే పని చేస్తుంది: 22528 అడ్రసులో 16 రాస్తుంది. స్క్రీన్ రంగుల మెమరీ అక్కడే మొదలవుతుంది. తెర పైన ఎడమ మూలన చిన్న గడి ఎర్రబడితే కంపైలర్, లింకర్, ట్యాప్ ఫైలు (స్పెక్ట్రమ్ క్యాసెట్ టేపుకి బదులు వాడే ఫైలు) మూడూ సరిగా ఉన్నట్టే. ముందు ల్యాప్‌టాప్‌లోనే స్పెక్ట్రమ్‌ని అనుకరించే ఫ్యూజ్ ఎమ్యులేటర్‌లో చూడండి. తర్వాత ట్యాప్ ఫైలుని టేప్‌టూవేవ్‌తో ఆడియోగా మార్చి, ఫోన్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌లోకి వైరు కలపండి. ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచండి. లోడ్ అయ్యేటప్పుడు టీవీ అంచున ముందు ఎరుపు, లేత నీలం చారలు, ఆ తర్వాత ముదురు నీలం, పసుపు చారలు వస్తాయి. మొదటి చారలే కుదురుగా రాకపోతే వాల్యూమ్‌ని అనుమానించండి, ప్యాకేజీని కాదు.

హోస్టింగ్‌కి డేటాబేస్ లాంటివేమీ అక్కర్లేదు. రెప్రెప్రో అనే టూల్ తయారుచేసే పూల్, డిస్ట్స్ అనే రెండు ఫోల్డర్లని ఏ మామూలు వెబ్ సర్వర్‌లో పెట్టినా చాలు. జాగ్రత్తంతా ఎక్కించే వరసలో ఉంది. డిస్ట్స్‌లో ప్యాకేజీల జాబితా, వాటి హ్యాష్‌లు (ఫైలు మారలేదని సరిచూసే కోడ్‌లు), జీపీజీ డిజిటల్ సంతకం ఉంటాయి. అసలు ఫైళ్ళు పూల్‌లో ఉంటాయి. డిస్ట్స్ ముందు ఎక్కి పూల్ ఇంకా ఎక్కుతుంటే, ఆ సమయంలో అప్‌డేట్ చేసినవాళ్ళకి జాబితాలో ఉన్న ఫైలు దొరకదు. డిసెంబరులో తుఫాను పట్టిందంటే మా నెల్లూరులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, సగంలో ఆగితే అది గంటల తరబడి అట్లాగే ఉండిపోతుంది. కాబట్టి ముందు పూల్ పూర్తిగా ఎక్కించండి. డిస్ట్స్‌ని వేరే పేరుతో ఎక్కించి, అంతా చేరాక పేరు మార్చండి. పాత డెబ్ ఫైళ్ళని ఒకటి రెండు రోజులాగి తీసేయండి. వాటి కాపీ మాత్రం మీ దగ్గర దాచుకోండి, ఎందుకంటే రెప్రెప్రో మామూలుగా ఒక్కో ప్యాకేజీకి ఒక్క వెర్షనే ఉంచుతుంది.

నెట్ సరిగా లేని ఊళ్ళ పిల్లలకి ఈ రెండు ఫోల్డర్లనీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయొచ్చు. సోర్సుల ఫైల్లో వెబ్ అడ్రసు బదులు 'ఫైల్' అని మొదలయ్యే అడ్రసు రాస్తే, ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీ అక్కడినుంచే ఎక్కిస్తుంది, సంతకం కూడా సరిచూస్తుంది.

సంతకం పెట్టే ప్రైవేట్ కీ సర్వర్‌లో ఉండకూడదు, ఇంట్లో మిషన్‌లోనే ఉంచుకోండి. పబ్లిక్ కీని ఏపీటీ-కీతో చేర్చే పాత పద్ధతి వదిలేసి, కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, సోర్సుల ఫైల్లో 'సైన్డ్-బై' అని దాని దారి రాయించండి. ఆ కీని కూడా ఒక చిన్న ప్యాకేజీగా కట్టి రిపాజిటరీలో ఉంచండి. గడువు తీరకముందే కొత్త కీని అందులో చేర్చి వదిలితే, మామూలు అప్‌గ్రేడ్‌తోనే అందరికీ చేరిపోతుంది.